పులిసిన పాలు వేరు, పాసిన పాలు వేరు

పాల సేకరణ కేంద్రంలో వెనక్కి పంపిన పాలను నమోదు చేసే పుస్తకంలో, కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. చాలా సంఘాల పుస్తకాలలో ఆ గడి పొడుగునా ఒకే మాట కనిపిస్తుంది: 'చెడినవి'. రాసేవారికి సులువే. కాని పాలు వెనక్కి తీసుకుపోయే సభ్యురాలికి ఆ మాట వల్ల ఏమీ తెలియదు. ఏ తప్పు దిద్దుకోవాలి? డబ్బా సరిగా కడగాలా, పాలు త్వరగా తేవాలా, బర్రెకు వైద్యం చేయించాలా, దాణా మార్చాలా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పనులు. తప్పు ఒకచోట ఉంటే మరొకచోట దిద్దుకుంటూ పోతే రేపు మళ్లీ పాలు వెనక్కే వస్తాయి. నష్టం ఇంటి మీదనే పడుతుంది.

నిజానికి మన భాషలో ఈ తేడాలన్నింటికీ ఎప్పటినుంచో మాటలున్నాయి. బీరంగూడ, అమీన్‌పూర్, కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడ వైపు వంటింట్లో ఆడవారు మాట్లాడుకునే మాటలు వింటే చాలు. పండు మురుగుతుంది. టమాట కుళ్లుతుంది. నిలవ బియ్యం ముక్కిపోతుంది. రొట్టెకు బూజు పడుతుంది. పాత నెయ్యి కనరు కొడుతుంది. పెంటకుప్ప మక్కుతుంది, అది రైతుకు మేలే. దోసెపిండి పులుస్తుంది, అదీ మేలే, ఒక హద్దు వరకు. పాలు ఇరుగుతాయి లేదా పలుగుతాయి. అన్నం, పప్పు, కూర మాత్రం పాసిపోతాయి. పుస్తకాలలో దీనినే పాచిపోవడం అని రాస్తారు.

ఈ చివరి మాటను కొంచెం నిదానంగా చూద్దాము. 'మామిడిపండు పాసిపోయింది' అని ఎవరూ అనరు. 'పచ్చి వంకాయ పాసిపోయింది' అని కూడా అనరు. పొయ్యి మీద ఉడికి, దించిన తరువాత పట్టించుకోకుండా ఉంచిన పదార్థం చెడితేనే మన నోట ఎక్కువగా ఈ మాట వస్తుంది. రాత్రి మిగిలిన పప్పుచారు తెల్లవారి మూత తీస్తే పైన సన్నని నురగ ఉంటుంది, గరిట పెడితే జిగురుగా ఉంటుంది, వాసన ముక్కుకు తగులుతుంది. అది పాసిపోవడం. ఈ మాటకు ఉన్న చుట్టరికం కూడా గమనించదగినదే. పొద్దున కడగని ముఖం పాసి ముఖం. తోముకోని పండ్లు పాసి పండ్లు. రాత్రి అంట్లు తోమడం పాచి పని. బావి మెట్ల మీద కాలు జారేలా చేసే పచ్చని పొర కూడా పాచే. వీటన్నింటిలో ఉన్నది ఒకటే సంగతి: తడి, నిలవ, కడగకపోవడం. ఈ మూడూ కలిసిన చోట జిగురు పొర ఒకటి కడుతుంది. పాల డబ్బా గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరం అవుతుంది.

పాసిన అన్నానికి, సద్ది అన్నానికి తేడా ఇంట్లో ప్రతి ముసలమ్మకూ తెలుసు. రెండూ రాత్రి మిగిలిన అన్నమే. నీళ్లు పోసి, కాస్త మజ్జిగ కలిపి ఉంచినది తెల్లారికి సద్ది అవుతుంది. ఉక్కపోత రాత్రి గిన్నెలో అలాగే మూతపెట్టి వదిలినది పాసిపోతుంది. ఎందుకు? మజ్జిగలో పులుపు పుట్టించే సూక్ష్మజీవులు ఉంటాయి. నీళ్ల కింద గాలి తగలని చోట అవి బాగా పెరిగి, లాక్టిక్ ఆమ్లం అనే పులుపును తయారు చేస్తాయి. ఆ పులుపులో తక్కిన చెడ్డ సూక్ష్మజీవులు చాలావరకు బతకలేవు. అనగా సద్దిలో ఒక కాపలాదారు ఉన్నాడు. గిన్నెలో వదిలిన అన్నంలో కాపలా లేదు. పైగా బియ్యంలో మట్టి నుంచి వచ్చిన కొన్ని సూక్ష్మజీవులు విత్తనాల వంటి గట్టి పెంకు కట్టుకొని ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా చల్లారే వేళకు మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు, విరేచనాలు కలిగించే రకాలు వీటిలో ఉన్నాయి. పెద్దల మాట సద్దిమూట అన్నారు గాని పాసిన మూట అనలేదు గదా.

ఇదే సంగతి పాలకు అన్వయించి చూడండి. పచ్చిపాలలో పులుపు పుట్టించే సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. పాలు వెచ్చగా నిలిస్తే ముందుగా అవే పెరుగుతాయి; పాలు పులుస్తాయి. పాలు పులియడానికి కారణం కంటికి కనిపించని జీవులేనని 1857లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ చూపాడు. పాలను వేడిచేసి క్రిములను చంపే పద్ధతికి ఆయన పేరే వచ్చింది. కాచిన పాల సంగతి వేరు. కాచినప్పుడు పులుపు జీవులు చచ్చిపోతాయి. పెంకు కట్టుకున్న మొండి జీవులు మిగిలిపోతాయి. ఆ పాలను మళ్లీ కాచకుండా, చల్లబరచకుండా వదిలితే ఇవి పెరుగుతాయి. అప్పుడు పాలు పులవకుండానే గడ్డకట్టవచ్చు, చేదెక్కవచ్చు, చెడు వాసన రావచ్చు. నాలుక మీద వేస్తే పులుపు ఉండదు కనుక 'ఇంకా బాగానే ఉన్నాయి' అని భ్రమ కలుగుతుంది. పచ్చిపాలు పులుస్తాయి, కాచిన పాలు పాసిపోతాయి అని మన వంటిల్లు చెప్పే మాటకు అర్థం ఇదే. పులుపు ఒక హెచ్చరిక గంట వంటిది. పాసిన పాలలో ఆ గంట మోగదు. చంటిపిల్లలకు పొద్దున కాచిన పాలు సాయంత్రం పట్టే ఇళ్లలో దీనిని తప్పక గుర్తుంచుకోవాలి.

ఇక 'ఇరిగినవి' అన్న మాట. కేంద్రంలో ఎక్కువ తగాదాలు దీని దగ్గరే వస్తాయి. సభ్యురాలు అంటుంది: "పొద్దుగాల నాలుగ్గొట్టంగ పిండిన సారూ, ఇంకా ఏడన్న గాలే, అప్పుడే ఎట్ల పాసిపోతయి?" పరీక్షించేవారు అంటారు: "పాసినయని నేనన్లేదు పెద్దమ్మా, కాగవెడితే ఇరుగుతున్నయి." ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మాట ఒకటి కాకపోవడం వల్ల ఒకరు అబద్ధమాడుతున్నట్లు మరొకరికి తోస్తుంది.

పాలలో కేసిన్ అనే మాంసకృత్తు అతి సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. ఈ రేణువులు ఒకదానినొకటి దూరంగా తోసుకుంటాయి, అందుకే పాలు పాలుగా ఉంటాయి. పులుపు పెరిగిన కొద్దీ ఆ తోపుడు తగ్గిపోయి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చల్లగా ఉన్నప్పుడు బాగా పులిస్తేనే గడ్డకడతాయి, పెరుగు తోడుకున్నట్లు. కాని వేడి తగిలితే కొద్దిపాటి పులుపుకే ఇరుగుతాయి. తాజా పాలలో ఆమ్లత సుమారు 0.13 నుంచి 0.15 శాతం ఉంటుంది. అది 0.20 దాటుతున్నకొద్దీ కాచినప్పుడు ఇరిగే ప్రమాదం పెరుగుతుంది. నాలుక ఈ తేడాను అంత తొందరగా పట్టలేదు. కనుకనే పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల పాలు పోసి, మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, గోడలకు పలుకులు అంటుకున్నాయా అని చూస్తారు. 68 శాతం ఆల్కహాలును పాలతో సమంగా కలిపి పలుకులు కడుతున్నాయా అని చూసే పరీక్ష ఇంకొకటి ఉంది. అది పులుపును ఇంకా ముందే పట్టిస్తుంది.

అయితే ఇరిగిన పాలన్నీ పులిసిన పాలు కావు. ఈ మాట పరీక్షించేవారు కూడా మరవరాదు. ఈనిన మొదటి రోజుల ముర్రుపాలు ఎంత తాజావైనా కాచగానే గడ్డకడతాయి. జున్ను అయ్యేది అందుకే. పొదుగువాపు వచ్చిన పశువు పాలలో ఉప్పు శాతం పెరిగి, ఆల్కహాలు పరీక్షలో పలుకులు కనిపించవచ్చు. వట్టిపోయే ముందరి పాలకు కూడా ఈ గుణం ఉండవచ్చు. కనుక పిండి గంట కూడా కాని పాలు ఇరిగితే డబ్బాను కాదు, పశువును చూడాలి. మొదటి నాలుగు ధారలను నల్లని గుడ్డ మీద పిండి చూస్తే పలుకులు, చీము తీగలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే ఆ పాలు కలపకుండా పశువైద్యునికి చూపించాలి. 'చెడినవి' అని రాసి పంపిస్తే ఆ గేదె పొదుగు మరో పది రోజులకు గట్టిపడి ఒక చన్ను శాశ్వతంగా పోవచ్చు. పుస్తకంలో ఒక మాట తేడాకు ఒక చన్ను వెల!

ఇక డబ్బా విషయం. పైన చెప్పిన పాచి పొర ఇక్కడే ఉంటుంది. మూత అంచు కింద, పిడి అతుకుల దగ్గర, ప్లాస్టిక్ డబ్బా గీతలలో వేలుపెట్టి రుద్దితే జారుడుగా తగిలేది అదే. కంటికి డబ్బా తళతళలాడుతున్నా ఆ జారుడులో లక్షలాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. వెచ్చని పాలు అందులో పడగానే అవి పెరగడం మొదలవుతుంది. అరగంటకు రెట్టింపు అవుతాయి అనుకుంటే ఒక్కటి 4 గంటలలో 256 అవుతుంది. శుభ్రమైన డబ్బాలో 100తో మొదలైన పాలకు, పాచి డబ్బాలో 1,00,000తో మొదలైన పాలకు తేడా ఏమిటో లెక్కవేసుకోండి. ఎండాకాలంలో ఈ లెక్క ఇంకా వేగంగా నడుస్తుంది.

డబ్బాను ముందు వేడినీళ్లతో కడగడం చాలామంది చేసే పని. అలా చేస్తే పాల మాంసకృత్తు గోడకు అతుక్కుపోతుంది. ముందు చల్లని నీళ్లతో జాడించాలి. తరువాతనే వేడినీళ్లు, బట్టల సోడా లేదా డబ్బాలు కడిగే పొడి వేసి బ్రష్షుతో అంచులు, మూత రబ్బరు రుద్దాలి. మళ్లీ మంచినీళ్లతో కడిగి, బోర్లించి, ఎండలో ఆరబెట్టాలి. ఇసుకతో, ఇటుకపొడితో తోమితే మెరుపు వస్తుంది గాని గీతలు పడతాయి. ఆ గీతలే పాచికి ఇళ్లు. తడి డబ్బాకు మూత బిగించి సాయంత్రం దాకా ఉంచడం అన్నింటికంటె పెద్ద పొరపాటు. ఇంకొక మాట. మనది ఫ్యాక్టరీల ప్రాంతం. రసాయనాలు వచ్చిన పాత ప్లాస్టిక్ డబ్బాలు ఎంత చౌకగా దొరికినా, ఎన్నిసార్లు కడిగినా, వాటిలో పాలు గాని నీళ్లు గాని పోయరాదు. కడిగితే పోయేది పాచి, ప్లాస్టిక్కులో ఇంకిన రసాయనం పోదు.

1981లో ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్య ఏర్పడిన కాలంలో ఊరి పాలు ఎక్కువగా డబ్బాలలోనే లారీ ఎక్కేవి. ఒకరి డబ్బా పులిస్తే ఆ డబ్బా వరకే నష్టం. నేడు చాలాచోట్ల పాలు నేరుగా పెద్ద శీతల తొట్టిలోకి పోతున్నాయి. తొట్టి పాలను 4 డిగ్రీలకు దింపి సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మది చేస్తుంది, ఉన్నవాటిని చంపదు. ఒక్క పాచి డబ్బా పాలు అందులో పడితే ఊరంతటి పాల గుణం తగ్గుతుంది. నీలిరంగు పరీక్షలో ఇది బయటపడుతుంది. 10 మిల్లీలీటర్ల పాలలో 1 మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచితే, సూక్ష్మజీవులు ఎక్కువైన కొద్దీ నీలం తొందరగా తెల్లబడుతుంది. 5 గంటలు నిలిస్తే చాలా మంచి పాలు, అరగంటలోనే తెల్లబడితే పనికిరాని పాలు. సంఘానికి వచ్చే ధర ఈ నీలం మీద కూడా ఆధారపడే రోజులివి.

పాలు కొంచెం పులిశాయని తెలిసినప్పుడు చిటికెడు సోడా కలిపి పరీక్ష దాటించాలనే ఆలోచన కొందరికి వస్తుంది. సోడా పులుపును కప్పుతుంది, పులుపు తెచ్చిన సూక్ష్మజీవులను కప్పదు. పైగా కాపలాదారును చంపి దొంగకు తలుపు తీసినట్లు, పులుపు లేని ఆ పాలలో పాసిపోయే రకం జీవులకు దారి దొరుకుతుంది. పులిసిన పాలను పాసిన పాలుగా మార్చడమే అది. రోజాలిక్ ఆమ్లం చుక్కలు వేస్తే సోడా కలిసిన పాలు గులాబీ రంగుకు మారతాయి, కనుక దాగదు. ఇది చట్టరీత్యా నేరం కూడా. దేశమంతటా 2018లో జరిగిన పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షిస్తే అందులో 12 మాత్రమే తాగడానికి ప్రమాదకరమైన కల్తీవని తేలింది. ఇది సంతోషించవలసిన లెక్కే. కాని ఆ 12లో 9 మన తెలంగాణవి. అందుకు మనం సిగ్గుపడక తప్పదు.

ఆ సర్వేలోనే ఇంకొక సంఖ్య ఉంది. మన దృష్టిలో అసలు భయపడవలసింది దానికే. 368 నమూనాలలో అఫ్లటాక్సిన్ ఎం1 అనే విషం హద్దు మించి కనిపించింది. ఇది ఎవరూ కలిపినది కాదు. దాణాకు పట్టిన బూజు నుంచి పశువు కడుపులోకి, అక్కడి నుంచి పాలలోకి వచ్చినది. మనిషి తినే రొట్టెకు బూజు పడితే పారవేస్తాము. అదే రొట్టెను 'బర్రెకెయ్యి' అంటాము. ఈ అలవాటు వద్దే మన మాట ఆగిపోవాలి.

వేరుశనగ చెక్క, మొక్కజొన్న, పత్తి గింజల చెక్క తేమ తగిలి నిలిస్తే పసుపుపచ్చ, ఆకుపచ్చ బూజు పడుతుంది. అందులో ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ను తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి తిని వేలకొలది సీమకోళ్లు చనిపోయినప్పుడు దీని ఉనికి ప్రపంచానికి తెలిసింది. మన పక్కకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ముర్రా గేదెలకు వేరుశనగ చెక్క వల్ల కలిగిన విషబాధ గురించి 1965లోనే పశువైద్యులు నివేదిక ప్రచురించారు. 1974లో గుజరాత్, రాజస్థాన్ గ్రామాలలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరు మందికి పైగా మనుషులే కాలేయం చెడి చనిపోయారు. ఆ ఘటనను పరిశోధించినవారు హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు.

పశువు తిన్న విషంలో సాధారణంగా నూటికి ఒకటి రెండు వంతులు, పాలు ఎక్కువ ఇచ్చే పశువులో ఆరు వంతుల వరకు, పాలలోకి దిగుతుంది. తిన్న మరునాటికే పాలలో కనిపిస్తుంది. మంచి దాణా పెడితే నాలుగైదు రోజులలో తగ్గిపోతుంది. చట్టం ఒప్పే హద్దు కిలో పాలకు అర మైక్రోగ్రాము. ఈ పాలు పులవవు, ఇరగవు, వాసన రావు. కాచినా విషం పోదు, పాశ్చరైజు చేసినా పోదు, పెరుగు తోడుపెట్టినా పోదు. మన భాషలో చెడిన తిండికి ఇన్ని మాటలున్నా ఈ చెడుకు మాట లేదు, ఎందుకంటే ముక్కుకు, నాలుకకు తెలియనిదానికి వంటిల్లు పేరు పెట్టదు. బూజు అన్న మాట దాణా గదిలోనే వాడాలి. పాల దగ్గరకు వచ్చాక ఆలస్యం.

బీరంగూడకు నాలుగడుగుల దూరంలో, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఉంది. వేరుశనగ వారి పంటలలో ఒకటి. గింజలలో, దాణాలో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్షను వారు రూపొందించారు. చెక్క టోకున కొనే సంఘాలు నమూనా పరీక్ష చేయించిన తరువాతే కొనడం మంచిదని మా అభిప్రాయం. ఒక్కొక్క సభ్యుడు ఈ పని చేయలేడు, సంఘం చేయగలదు. సంఘం పెట్టుకున్నది ఇటువంటి వాటికోసమే గదా.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. పొలాలు ప్లాట్లయ్యాయి, అపార్ట్‌మెంట్ల మధ్య కొట్టాలు మిగిలాయి. పచ్చిమేత దొరకదు, అంతా కొనుగోలు దాణా. బీరు తయారీలో మిగిలే తడి బార్లీ పిప్పిని చాలామంది ట్రాక్టరుతో తెప్పించి కుప్ప పోసుకుంటున్నారు. మంచి మేతే, మాంసకృత్తు ఎక్కువ, పాలూ ఇస్తుంది. కాని అందులో నాలుగింట మూడు వంతులు నీళ్లే. ఎండాకాలం రెండు మూడు రోజులకే పైన బూజు, లోపల పులుపు మొదలవుతాయి. పై పొర తీసేసి కిందిది వేస్తే సరిపోతుందని అనుకోరాదు, బూజు వేళ్లు లోపలికి దిగి ఉంటాయి. ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి ఒక లోడు పంచుకుంటే రెండు రోజులలో అయిపోతుంది, నిలవ బాధ ఉండదు. నిలవ చేయక తప్పకపోతే గాలి చొరకుండా పట్టా కింద గట్టిగా తొక్కి మూయాలి. అప్పుడు అది సద్ది అన్నంలాగే పులుపుతో కాపాడబడుతుంది. తెరిచి వదిలితే పాసిపోతుంది. చెక్క బస్తాలను గోడకు, నేలకు తగలకుండా కర్రల మీద పెట్టాలి.

ఇక పుస్తకంలో ఆ గడికి వద్దాము. 'చెడినవి' అన్న మాట తీసేసి, వాడుకలో ఉన్న మాటలే రాయవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. ఆమ్లత పెరిగి ఉంటే 'పులుపు' అని రాయండి. సభ్యులు డబ్బాను, తెచ్చే వేళను చూసుకుంటారు. పులుపు లేకుండా పలుకులు కడితే 'ఇరుగుడు, పశువును చూపించాలి' అని రాయండి. వాసన తేడా ఉంటే ఏ వాసనో రాయండి. పేడ వాసన కొట్టం శుభ్రతకు, కనరు వాసన నిలవకు, మందు వాసన చికిత్సలో ఉన్న పశువుకు గుర్తు. పాలు తీగలు సాగితే 'తీగ' అని రాసి, నీళ్ల తొట్టి, బావి నీరు చూడమని చెప్పండి. ఆ జబ్బు ఎక్కువగా నీటి నుంచే వస్తుంది. చదువురాని సభ్యులకు నోటితో చెప్పండి, అది కూడా పదిమంది ముందు గట్టిగా కాకుండా పక్కకు పిలిచి.

వెనక్కి వచ్చిన పాలను ఏం చేయాలన్న ప్రశ్న చాలా సంఘాల నుంచి వస్తోంది. కేవలం పులుపు వల్ల తిరిగి వచ్చిన తాజా పాలను ఆ పూటే తోడుపెట్టి మజ్జిగ చిలికి ఇంట్లో వాడుకోవచ్చు, వాసన బాగుంటే. పొదుగువాపు పాలు, మందులు వాడుతున్న పశువు పాలు దూడకు కూడా తాగించరాదు; కొట్టానికి దూరంగా గుంట తీసి పారబోయాలి. వాటిని తెచ్చిన డబ్బాను విడిగా కడిగి ఎండబెట్టి, మరునాటి పొద్దున మాత్రమే మళ్లీ వాడండి.